పొయ్యి చూపించమన్న బియ్యమప్ప

బియ్యమప్ప పోయింది. మొన్న మంగళవారం భూస్థాపన చేశాం.

ఫోన్లో నా గొంతు విని, "ఎవరు మామ్మా, మనకేమవుతుంది?" అని అడిగావు పెద్దమ్మాయ్. ఏమీ కాదు. మన రక్తం కాదు, మన వీధి కూడా కాదు. కాశీబుగ్గలో రైలు కట్ట అవతల రేకుల ఇంట్లో ఉండేది. కానీ నువ్వు దేశం కాని దేశంలో చదువుకుంటున్నావు. తమ్ముడేమో తనూ వెళ్తానని పాస్‌పోర్టు పట్టుకుని కూర్చున్నాడు. మీ ఇద్దరికీ ఆవిడ గురించి చెప్పాలి. ఏడుస్తూ చెప్పడం లేదు. నాకు కోపంగా ఉంది.

మన ప్రార్థన మందిరంలో పిడికెడు బియ్యం పద్ధతి చిన్నప్పుడు చూసే ఉంటారు. వండడానికి బియ్యం కొలిచాక, అందులోంచే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. మన పూటలోంచి తగ్గించి దేవుడికి ఇవ్వడం అన్నమాట. శనివారం ఒకరు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. వచ్చింది మందిరానికి. ఆ పోగు చేసే మనిషి ఆవిడే, నా పెళ్ళికి ముందు నుంచీ. అందరికీ అక్క, అందుకే బియ్యమప్ప. సమాధి మీద రాయడానికి అసలు పేరు అడిగితే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పొట్టి మనిషి. వయసులో ఉండగా జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ జీడి మరక చేతివేళ్ళకి ముసలితనం దాకా పోలేదు. మనింట్లో ఎప్పుడైనా పాయసంలో జీడిపప్పు కనిపిస్తే వేలితో ఏరి పక్కన పెట్టేది.

"తినప్పా, మంచి పప్పు," అంటే, "మీరు తినండి. నాకు ఆటిని సూత్తే గోళ్ళు మండుతాయి," అనేది.

ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి బియ్యం పట్టుకున్న రోజు లేదు. పెరటి వైపు నుంచి వచ్చేది. ఒకసారి దగ్గి, తిన్నగా వంటింట్లోకి. బియ్యం డబ్బా చేతికిస్తే తీసుకునేది కాదు. "ముందు పొయ్యి సూపించు. పిడికెడు తరవాత," అనేది. గ్యాసు వచ్చాక కూడా అదే మాట. పొయ్యి మీద ఏముందో చూసి, కుండ మూత తీసి, అన్నం ఉందో లేదో చూసుకుని, అప్పుడు డబ్బా అందుకునేది. కొత్త కోడళ్ళకి ఒళ్ళు మండిపోయేది. మన పక్కింటి కోడలు ఒకసారి అనేసింది కూడా.

"మా కుండల్లో మూతి పెడతావేటి, పిల్లిలాగ?"

"పిల్లి దొంగతనానికి పెడతాదమ్మా. నాను లెక్కకి పెడతన్నాను," అంది బియ్యమప్ప. "నీ కుండ నిండుగున్నాది, మంచిదే. పిడికిలేటి ఇంత సిన్నది?"

కుండ ఖాళీగా ఉన్న ఇంట్లో ఏం చేసేదో నాకు ఎలా తెలుసంటే, ఒక ఏడు ఆ కుండ మనదే. మీ తాతని డయాలసిస్‌కి పలాస తిప్పుతున్న రోజులు. తుఫానుకి కొబ్బరి తోట పడిపోయింది. ఉన్నదంతా ఆటోలకీ మందులకీ పోయేది. శనివారం ఆవిడ దగ్గు వినబడగానే ఖాళీ కుండ మీద మూత పెట్టేశాను. లోపలికి వచ్చింది. మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది. నా మొహం వైపు చూడనే లేదు. తన సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, దోసిలి తరవాత దోసిలి మన డబ్బాలో పోసింది. తరవాత వీధి గుమ్మం లోంచి బయటికి వెళ్ళి, చుట్టుపక్కల అందరికీ వినబడేటట్టు, "ఈళ్ళది ముట్టినాదమ్మా," అని అరిచింది. అంటే మా ఇంటి బియ్యం ఆవిడకి అందిందని. ఎన్ని ఇళ్ళలో అలా ముట్టిందో ఇప్పుడు ఎవరు చెప్తారు. మీ నాన్నకి కూడా ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

మన సంఘంలో ఒక అమ్మాయి ఉండేది. టెక్కలిలో ఇంజనీరింగు చదివింది. తండ్రి లేడు. తల్లి మన సంఘ పెద్దకి ఉన్న జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పని చేస్తుంది. ఆ పిల్ల పై చదువుకి విదేశం వెళ్తానంది. తోట బ్యాంకులో పెట్టి ఫీజు కట్టారు. ఫీజు సరే, అక్కడ ఉండడానికి, తినడానికి ఏడాదికి సరిపడా డబ్బు ఉన్నట్టు చూపించాలట. బజారులో మేడ మీద ఒక కన్సల్టెన్సీ ఉండేది. వాళ్ళే ఎవరి డబ్బో తెచ్చి ఈ పిల్ల ఖాతాలో వేసి, కాగితం తీయించి, వీసా రాగానే ఆ డబ్బు వెనక్కి పట్టుకెళ్ళిపోయారు. దానికి కమీషను కూడా తీసుకున్నారు. ఆ దేశం వాళ్ళ దగ్గర ఉన్న కాగితం మీద ఆ పిల్లకి ఏడాది తిండి ఉంది. పిల్ల దగ్గర లేదు. తల్లి భయపడితే, "పార్ట్‌టైమ్ చేసుకుంటాది పిన్నీ, నీకే పంపుతాది సూడు," అని నవ్వాడు కన్సల్టెన్సీ కుర్చీలో కూర్చున్నవాడు. చిన్నోడా, నీకూ ఆ మాటే చెప్పారట కదా. మీ నాన్న చెప్పాడు.

పంపించే రోజు మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. అందరూ దండలు వేశారు. సంఘ పెద్ద గంటసేపు మాట్లాడాడు. బియ్యమప్ప మాత్రం ఆ పిల్లని పక్కకి లాగి, "అక్కడ ఎవులొండుతారే?" అని అడిగింది.

"నేనే అప్పా."

"ఒండుకుంటావు గాని, బియ్యం ఎవులు కొంటారు?"

పిల్ల నవ్వేసింది. మేమూ నవ్వాం.

వెళ్ళిన కొత్తలోనే మందిరంలో పెద్ద టీవీ పెట్టారు. నెలకో ఆదివారం ఆ పిల్ల వీడియోలో వచ్చి సాక్ష్యం చెప్పేది. మన దగ్గర సాక్ష్యం అంటే మీకు తెలుసు. దేవుడు చేసిన మేలే చెప్పాలి. మనకి ఏం లేదో చెప్పకూడదు. లేదని చెప్తే దేవుడిని తప్పుబట్టినట్టు. చిన్నప్పటి నుంచీ అలాగే నేర్పాం. ఆ పిల్ల కూడా "దేవుడు నాకు ఏ కొదువా రానివ్వలేదు," అని మొదలుపెట్టి "అందరికీ వందనాలు," అని ముగించేది. అదే నల్ల కోటు. వెనకాల ఎప్పుడూ అవే మిషన్లు. బట్టలు ఉతికే మిషన్లు, గుండ్రటి అద్దం తలుపులవి, ఒకదాని పక్కన ఒకటి బారుగా.

ఆ మిషన్లే కొంప ముంచాయి.

"సూసినారా ఎనకాల?" అన్నాడు సంఘ పెద్ద. "ఒక్క గుంటపిల్లకి అన్ని మిషన్లు. మన ఊర్లో ఎవులింట్లో ఉన్నాయి? దేవుడు ఎత్తితే అలగెత్తుతాడు."

ఆడవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. రంగు బట్టలకి ఒకటి, తెల్ల బట్టలకి ఒకటి ఉంటుందని ఒకావిడ వివరంగా చెప్పింది. అందరూ నమ్మారు. ఆ తరవాతే సంఘ పెద్ద ఆ పిల్లకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పది శాతం దేవుడి భాగం అన్నాడు. పంపింది. మైకు సెట్టు అన్నాడు. పంపింది. పేరు చదివి చప్పట్లు కొట్టించాడు. తల్లి తల వంచుకుని కూర్చునేది. సిగ్గుపడుతోంది అనుకున్నాం.

ఒక నెల ఆ పిల్ల జుట్టు భుజాల దాకా కూడా లేదు. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. ఫ్యాషను అన్నారు వయసు పిల్లలు. బియ్యమప్ప నా చెవిలో, "ఎలక కొరికినట్టున్నాది. అది మంగలి సేసిన పని కాదు," అంది.

మరుసటి నెల ప్రహరీ గోడ మాట వచ్చింది. టీవీలో పిల్ల ఉంది, ఎదురుగా మేమంతా ఉన్నాం. సంఘ పెద్ద మైకు పట్టుకుని, "గోడకి ఒక పక్క నువ్వే ఎత్తుతావని అందరికీ సెప్పేసినానమ్మా," అన్నాడు. ఆ పిల్ల కోటు సర్దుకుంది. కాసేపటికి, "సరే అంకుల్," అంది.

అప్పుడు ఆడవాళ్ళ చాపల్లోంచి బియ్యమప్ప లేచింది. మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, టీవీ దగ్గరికి నడిచింది. ఆరాధన మధ్యలో ఆడమనిషి అలా లేవడం మన దగ్గర లేదు.

"అమ్మీ, నాను."

"అప్పా, బావున్నావా?"

"నా సంగతి సరే. ఆ మిషన్లూ సరే. నీ పొయ్యి సూపించు."

పిల్ల నవ్వబోయింది. "పొయ్యి పైన ఉన్నాది అప్పా. నేను కింద ఉన్నాను."

"ఎల్లు. సెల్లు అట్టుకుని ఎల్లు. మాం సూత్తాం."

"ఇప్పుడు కుదర్దప్పా. ఇక్కడ ఇంకా తెల్లారలేదు. అక్కడ పడుకున్నారు."

"పొయ్యి దగ్గర ఎవులు పడుకుంటారే?"

పిల్ల ఫోను ఇంకో చేతికి మార్చుకుంది. సంఘ పెద్ద మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. బియ్యమప్ప ఇంకొక్క మాటే అడిగింది.

"రేత్రి ఏటి తిన్నావు?"

ఆ పిల్ల "దేవుడు..." అంది. ఫోను బోర్లా పడేసినట్టుంది, టీవీ అంతా నల్లబడింది. "సిగ్నల్ పోయింది, ప్రార్థన చేద్దాం," అన్నాడు సంఘ పెద్ద. సిగ్నల్ పోలేదు. మిషన్ల చప్పుడు వినబడుతూనే ఉంది, దాని వెనకాల ఆ పిల్ల ఏడుపు కూడా. అంతమందిమి విన్నాం. విని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాం.

బయటికి రాగానే పిల్ల తల్లి బియ్యమప్ప మీద పడింది. నేను అక్కడే ఉన్నాను.

"నా పిల్ల పరువు తీసీసినావు. ఊరందరి కుండలకీ మూతలేసినదానివి, నా పిల్ల కుండే తియ్యాలా నీకు?"

బియ్యమప్ప కొంగు దోపుకుంది. "ఇక్కడైతే మూత నా సేతిలో ఉంటాది," అంది. "లోపల ఏటీ నేకపోతే నాను ఎయ్యగలను, మూత పెట్టీగలను. అక్కడ నానేటి ఎయ్యగలనే? అందులోంచి ఇంకా తీసుకుంటన్నారు కదే. అందరూ సూడాల."

తల్లి ఆవిడ మొహాన ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడలేదు.

వారం తిరగకుండా ఆ పిల్ల నా ఫోనుకి చేసింది. బియ్యమప్ప దగ్గర బొత్తాల ఫోను ఉండేది, అందుకని మన వంటింట్లో కూర్చుని మాట్లాడేవాళ్ళం. అప్పుడు విన్నాం. ఆ మిషన్లు బిల్డింగు మొత్తానివి. చిల్లర వేస్తే తిరుగుతాయి. "నా బట్టలు నేను సింకులోనే ఉతుక్కుంటాను మామ్మా. ఆ గదిలో వేడిగా ఉంటాది. వైఫై వత్తాది. అందుకే అక్కడ కూకుంటాను," అంది. పైన గదిలో హీటరు వేస్తే బిల్లు పంచుకోవాలని ఎవరూ వేయరట. ఒక ఇంట్లో ఎంతమందో చెప్పడానికి సిగ్గుపడింది. పొయ్యి పక్కన పరుపు వేసుకుని పడుకునేది ఇదీ, ఇంకో పిల్లా. అక్కడ అద్దె తక్కువట. హోటల్లో గిన్నెలు కడిగే రోజు అక్కడే తిండి. పని లేని రోజు రొట్టె. వారానికి ఇన్ని గంటలే పని చేయాలని అక్కడ రూలు. జుట్టు తనే కత్తిరించుకుంది. అక్కడ జుట్టు కత్తిరించడానికి ఇచ్చే డబ్బుతో వారం వండుకోవచ్చట. పనికి రానూ పోనూ నడకే, మంచులో.

"మరి మైకు సెట్టుకి ఎందుకు పంపినావే?" అని అడిగింది బియ్యమప్ప.

పిల్ల మాట మార్చేసింది.

తెల్లారి బియ్యమప్ప సంఘ పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంది. ఆవిడ ఏమీ అరవలేదు. గోడకి వీపు ఆన్చి, కాళ్ళు చాపుకుని, అంతే. జీడి బస్తాల లారీలు వెళ్తున్నాయి, పనివాళ్ళు వెళ్తున్నారు, అందరూ అడుగుతున్నారు. రోజూ అలాగే. చివరికి ఆయన కారు ఆపాడు.

"ఏటి కావాలప్పా నీకు?"

"గుంట పంపిన డబ్బులు ఎనక్కి పంపు."

"అది దేవుడికిచ్చిన సొమ్ము. ఎనక్కి ఇయ్యడం పాపం."

"దేవుడికి ఆకలేత్తన్నాదని నీకు సెప్పినాడేటి?"

ఆయన నవ్వి కారు ఎక్కాడు. ఆ వచ్చే ఆదివారం, వయసు మీద పడింది కాబట్టి అప్పకి విశ్రాంతి ఇస్తున్నాం అని ప్రకటించారు. విశ్రాంతి. ఎంత మంచి మాట చూడండి. ఇప్పుడు బియ్యానికి ఇంకొకావిడ స్కూటీ మీద వస్తుంది. గేటు దగ్గర హారన్ కొట్టి కవరు పట్టుకుంటుంది. పొయ్యి జోలికి రాదు.

మేం కొంతమంది ఆడవాళ్ళం ఆ కవర్లో వేయడం మానేశాం. పిడికెడు ఆపలేదు. తీసుకెళ్ళి బియ్యమప్ప ఇంట్లో పోశాం. నెల తిరిగేసరికి బస్తా దాటింది. కాశీబుగ్గ బజారులో అమ్మి, మీ నాన్న చేత ఆ పిల్లకి పంపించాం. ఏదో పెద్ద సాయం చేశామనుకున్నాం. పిల్ల ఫోన్ చేసి, "మామ్మా, బస్సు పాసు తీసుకున్నాను. ఈ వారం నడవక్కర్లేదు," అంది. మిగిలిందేమైనా ఉందా అని అడిగితే, లేదంది.

బియ్యమప్ప ఖాళీ సంచి మడతపెట్టి పక్కన పెట్టింది. తరవాత, "అన్నిళ్ళ బియ్యమూ బస్సెక్కి ఎల్లిపోనాదా," అంది.

నవ్వకండి. నాకు అప్పుడు వచ్చిన కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. ఇన్ని కుటుంబాలు పూట పూటకీ తగ్గించుకు తిన్న అన్నం అక్కడ బస్సు ఎక్కడానికి సరిపోయింది, తినడానికి సరిపోలేదు. ఇది తెలిసి కూడా ఇక్కడ మేడ మీద కూర్చుని "పార్ట్‌టైమ్ చేసుకుంటుంది," అంటారు. ఫ్లెక్సీలు కడతారు. విమానం ఎక్కిన పిల్లల ఫొటోలు గోడకి అంటిస్తారు. వాళ్ళు రాత్రి ఏం తిన్నారో ఒక్కడూ అంటించడు.

ఆ పిల్ల చదువు అయ్యింది. ఏదో ఉద్యోగంలో ఉంది. బాగానే ఉన్నానంటుంది. "బాగానే" అన్న మాటని నేను నమ్మడం మానేశాను, ఎవరు అన్నా సరే. నువ్వు అన్నా సరే పెద్దమ్మాయ్. గోడ కూడా పూర్తయ్యింది. దాని మీద పలకరాయిలో ఆ పిల్ల పేరు ఉంది. సంఘ పెద్ద ఒక్క రూపాయి వెనక్కి పంపలేదు.

మంగళవారం ఆవిడ పెట్టెని గోతిలోకి దింపారు. పాస్టరు అయ్యగారు వాక్యం చదివారు. తరవాత సంఘ పెద్ద ముందుకి వచ్చాడు. తెల్ల బట్టలు, చేతిలో మైకు.

"ఈ తల్లి ఎవరింట్లోనూ లేమిని ఉండనివ్వలేదు. మన సంఘం కూడా ఈమెకి ఏ లోటూ రానివ్వలేదు," అన్నాడు. కొందరు ఆమెన్ అన్నారు. ఆయన వంగి పిడికిట్లోకి మట్టి తీసుకున్నాడు.

వెనక నుంచి ఆ పిల్ల తల్లి వచ్చింది. పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర మీద జీడి పొట్టు ఉంది. ఏడాదిన్నరగా బియ్యమప్ప గుమ్మం తొక్కని మనిషి. గోతి అంచున నిలబడింది.

"కాసేపాగండి బాబూ. నాను సెప్పాల."

"ప్రార్థన అయిపోయాక సెప్పమ్మా."

"నాకు ముందే తెల్సు," అంది. ఆయన వైపు కాదు, గోతిలోకి చూసి చెప్తోంది. "నా పిల్ల తిండి నేకుండా ఉన్నాదని మీ అందరికంటే ముందు నాకు తెల్సు. అది నాకు సెప్పినాది. 'అమ్మా, ఈ నెల పంపనేను, పంపితే అద్దె కట్టనేను,' అని ఏడ్సినాది. నానే పంపమన్నాను. పంపకపోతే ఫ్యాక్టరీలో నా పని తీసేత్తారని. ఈ బాబే నాకు అలగ సెప్పినాడు, పొట్టు తీసే కాడ, అందరి ముందరా. నవ్వుతా సెప్పినాడు. నా పని పోతే తోట అప్పు ఎవులు కడతారు? అందుకని నా పిల్ల కూడు నానే తీసి ఇచ్చినాను. ఈవిడ అడిగితే ఈవిడ మొకం మీద ఉమ్మీసినాను."

సంఘ పెద్ద పిడికిట్లోంచి మట్టి కొంచెం కొంచెంగా జారుతోంది.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అన్నాడు, మైకు కిందికి దించి.

"మరెప్పుడు బాబూ?"

ఆయన అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు వాక్యం పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, తలెత్తి ఆవిడనే చూస్తున్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డారు. నేనూ వెళ్ళాను. ఆవిడ మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది, మైకు సెట్టు దగ్గర నుంచి, పిల్ల ఏ నెల ఏం తిన్నదో, ఏం తినలేదో. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఎవరూ మట్టి వేయలేదు.